ప్రభువు బల్ల, సత్ప్రసాదము, మాయిదా: మన తెలుగు సమాధానములపై ఒక విమర్శ

కొన్ని సంవత్సరముల క్రిందట సికింద్రాబాదులో ఒక మిత్రుని యింట క్రైస్తవులు, ముస్లిములు పది మంది కలిసి కూర్చుండి మాటలాడుకొనిన సాయంకాలమొకటి నాకు జ్ఞాపకమున్నది. అరబ్బీ బాగుగా చదువుకొనిన ఒక మౌల్వీ సాహెబు ఎదుటనున్న పాదిరిగారిని ఎంతో మర్యాదగా ఇట్లు అడిగినారు: "అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీరు గుడిలో రొట్టె తిని అది యేసు శరీరమంటారు. ద్రాక్షారసం తాగి అది రక్తమంటారు. నిజంగా అలా నమ్ముతారా, లేక మాటవరసకు అంటారా?" పాదిరిగారు నవ్వి, "అబ్బే, అదంతా గుర్తు మాత్రమేనండీ. జ్ఞాపకార్థం చేస్తాము, అంతకంటె ఏమీ లేదు" అన్నారు. మౌల్వీ సాహెబు తల ఊపినారు. టీ వచ్చినది. సంభాషణ వేరొక విషయమునకు మళ్లినది.

ఆ పాదిరిగారు లూథరను సంఘమునకు చెందినవారు. తిరిగి వచ్చునపుడు త్రోవలో, "మీ సంఘము బోధించునది అది కాదు గదా" అని అడిగితిని. "నిజమేనండీ. కాని ఆ సంగతంతా వారికి చెప్పబోతే తెల్లవారుతుంది" అన్నారాయన.

తెల్లవారినను చెప్పవలసిన సంగతియే అని నా అభిప్రాయము. ఆ సమాధానమును, దానికి తోడుగా మనము తరచు వాడు మాటలను ఇక్కడ కొంచెము పరిశీలింపదలచితిని.

మొదట పేర్ల సంగతి. తెలుగు క్రైస్తవులలో ఈ ఆచారమునకు ఒకే పేరు లేదు. సికింద్రాబాదులోనే ఒక ఆదివారము ఉదయము నాలుగు చోట్లకు వెళ్లి చూచినచో నాలుగు పేర్లు వినిపించును. 1850లో కట్టడము పూర్తియై, 2008లో బసిలికా హోదా పొందిన సెయింట్ మేరీస్ దేవాలయములో జరుగునది దివ్యబలిపూజ; అందులో విశ్వాసులు స్వీకరించునది దివ్యసత్ప్రసాదము. దక్షిణ ఇండియా సంఘపు గుడులలో, ఉదాహరణకు 1813 నాటి సెయింట్ జాన్స్ వంటి పాత గుడిలో, అది పరిశుద్ధ సంస్కారము, లేక ప్రభు రాత్రి భోజనము. బాప్టిస్టు సంఘములలో వాడుకమాట ప్రభువు బల్ల. సభ్యుడు "బల్లలో చేయి వేయును". క్రమశిక్షణకు లోనైనవానిని "బల్ల నుండి నిలిపివేయుదురు". భక్తసింగుగారి (1903–2000) బోధ వలన పెరిగి, 1950 మొదలు హైదరాబాదులోని హెబ్రోను కేంద్రముగా వ్యాపించిన సహవాసములలో అది రొట్టె విరుచుట. అచ్చట అది ప్రతి ఆదివారము జరుగును. తరువాత అందరును వరుసగా కూర్చుండి ప్రేమవిందు భుజింతురు. ఉర్దూ మాటలాడు క్రైస్తవులు దీనినే అషాయె రబ్బానీ అందురు.

ఇవి ఒకే వస్తువునకు నాలుగైదు పేర్లు మాత్రమే కావు. ఒక్కొక్క పేరును ఒక్కొక్క సిద్ధాంతమును మోయుచున్నది. సత్ప్రసాదము అను మాటను చూడుడు. తెలుగువానికి ప్రసాదమనగా ఏమిటో ఎవరును చెప్పనక్కరలేదు. నైవేద్యముగా వెళ్లినది అనుగ్రహముతో తిరిగి వచ్చును, అది ప్రసాదము. అర్పించుట, తిరిగి పొందుట అను రెండు కదలికలు ఆ ఒక్క మాటలో ఇమిడి యున్నవి గనుక, పూజలో అర్పించిన రొట్టెయే క్రీస్తుగా తిరిగి చేతికి వచ్చునని నమ్ము కతోలిక్కులకు అది మిక్కిలి దగ్గరి మాట. ముస్లిములకును అది పరాయి భావము కాదు. దర్గాలలో పంచిపెట్టు తబర్రుకు, పీర్ల పండుగలో ఊరివారందరికి అందు మలీదా ఎరిగినవానికి పవిత్రమైన తినుబండారమన్నది వింతగా తోచదు.

అయినను ఆ మాట రెండు చోట్ల తప్పుదారి పట్టించును. ప్రసాదము దైవము యొక్క అనుగ్రహమే గాని దైవము కాదు. లడ్డును చేత పట్టుకొని ఇదే వేంకటేశ్వరుడు అని ఏ భక్తుడును అనడు. కతోలిక్కు విశ్వాసము అట్లు కాదు. చేతికి వచ్చినది సాక్షాత్తు క్రీస్తే. ఇక రెండవది, ప్రసాదము అడిగినవారందరికి దొరకును. సత్ప్రసాదము బాప్తిస్మము పొంది ఆ సంఘముతో ఐక్యమైనవారికే ఇవ్వబడును. మొదటిసారి పూజకు వచ్చిన హిందువో ముస్లిమో వరుసలో నిలిచి, గురువు రొట్టె ఇవ్వక ఆశీర్వదించి పంపివేసినపుడు చిన్నబుచ్చుకొనుట నేను చూచితిని. తప్పు అతనిది కాదు. అతడు మాటను నమ్మినాడు. "సత్" అను చిన్న ఉపసర్గము మీద మోయలేనంత బరువు పెట్టినది మనమే.

ఆ విశ్వాసముల చరిత్రను ఇక్కడ విస్తరింపను. చాలమంది పాఠకులు ఎరిగినదే. రొట్టె యొక్క ద్రవ్యము క్రీస్తు శరీర ద్రవ్యముగా మారునని, రంగు రుచి మొదలైన గుణములు మాత్రము నిలిచియుండునని రోము సంఘము 1215లో లాటరను సభలో ఆ మాటను ఎత్తి, 1551లో ట్రెంటు సభలో నిర్ధారణ చేసినది. లూథరు ఆ ద్రవ్యగుణ సిద్ధాంతమును త్రోసివేసినాడు గాని శరీరము అక్కడ ఉన్నదనుటను విడిచిపెట్టలేదు. 1529లో మార్బుర్గులో జ్వింగ్లీతో వాదించునపుడు, ఇది నా శరీరమను అర్థమిచ్చు లాటిను వాక్యమును సుద్దముక్కతో బల్ల మీద వ్రాసి, ఆ "అయియున్నది" నుండి నన్నెవరును కదల్చలేరని కూర్చున్నాడు. జ్వింగ్లీ మాత్రము అది సూచించుచున్నదని అర్థము చెప్పెను. ఆ వాదము అక్కడ తెగలేదు. 1840లో నెల్లూరు వచ్చిన బాప్టిస్టులతో ఒక పక్షమును, 1842లో గుంటూరు వచ్చిన లూథరనులతో రెండవ పక్షమును మన దేశమునకు ఓడ దిగినవి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికనులను, మెథడిస్టులను, ప్రెస్బిటీరియనులను, కాంగ్రిగేషనలిస్టులను ఒకటి చేసినది. ఈ సంస్కారము దేవుడు మనలో పనిచేయు కృపాసాధనమని చెప్పి, అది ఏ విధముగా అను ప్రశ్నను తెరచియే ఉంచినది. 1964లో రాజమండ్రిలో ఆరంభమై 1973లో ఇచ్చటి గాంధీనగరునకు తరలివచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో ఈ సంఘముల విద్యార్థులందరు ఒకే తరగతిలో కూర్చుండి చదువుకొనుచున్నారు. అనగా మౌల్వీ సాహెబు అడిగిన ప్రశ్నకు ఒకే ఊరిలో, ఒకే తరగతిగదిలో, మూడు నాలుగు నిజమైన సమాధానములున్నవి. "గుర్తు మాత్రమే" అన్నది వానిలో ఒకటి. అది జ్వింగ్లీ వాదమును అనుసరించిన సంఘస్థుని నోట వచ్చినచో నాకు ఆక్షేపణ లేదు.

మరి మనవారందరు, తమ సంఘమేదైనను, ముస్లిముల ఎదుట జ్వింగ్లీ శిష్యులుగా మారుట ఎందువలన? అవతలివాడు నొచ్చుకొనునను మొగమాటము ఒకటి. మనలను అనాగరికులనుకొనునను భయము మరొకటి. కాని వాదప్రతివాదముల చరిత్రను చూచినచో ఈ ఉపాయము వలన ఒరిగినదేమియు లేదు. 1854లో ఆగ్రాలో ఫాండరు దొరతో వాదించిన రహ్మతుల్లా కైరానవీ, తరువాత 1864లో ఇస్తాంబులులో వ్రాసిన ఇజ్హారుల్ హక్ గ్రంథములో చేసినది గమనింపదగినది. రొట్టె శరీరమగునన్న కతోలిక్కు నమ్మకము కంటికి, నాలుకకు విరుద్ధమని ప్రొటెస్టంటులు పరిహసింతురు గదా. ఇంద్రియములకు విరుద్ధమైనదని దానిని త్రోసివేసినవారు బుద్ధికి విరుద్ధమైన త్రిత్వమును ఎట్లు నిలుపుకొందురని ఆయన అడిగినాడు. ప్రొటెస్టంటులు పొరుగు క్రైస్తవుని మీదికి విసరిన రాయినే ఏరి వారి మీదికి విసరినాడు. గుర్తు మాత్రమేనని తప్పించుకొనువారు ఆ రాయిని ఇప్పటికిని చేతికి అందించుచునే యున్నారు.

ఇక ప్రశ్న అడిగినవారి వైపు నుండి చూతము. ఖుర్ఆన్‌లో అయిదవ సూరా పేరు అల్ మాయిదా. నిఘంటుకారులు ఈ పదమును గూర్చి చక్కని భేదము చెప్పుదురు: ఆహారము వడ్డించియున్ననే అది మాయిదా, ఒట్టి బల్ల అయినచో ఖివాన్. తెలుగు ప్రొటెస్టంటు "బల్ల" అన్నపుడు చెక్కను గాక దాని మీది భోజనమునే ఉద్దేశించుచున్నాడు గనుక, తనకు తెలియకుండగనే మాయిదాకు సరియైన అనువాదము చేసినాడు!

ఆ సూరా చివరి భాగములో (112 నుండి 115 వరకు) ఈసా శిష్యులు ఆకాశము నుండి ఒక మాయిదాను దింపుటకు ప్రభువునకు సాధ్యమా అని అడుగుదురు. భయభక్తులు కలిగియుండుడని ఆయన హెచ్చరించును. దానిలో తిని, హృదయములకు నెమ్మది పొంది, సాక్షులమగుదుమని వారు బదులు చెప్పుదురు. అప్పుడు ఈసా, తమ మొదటివారికిని చివరివారికిని అది పండుగయు సూచనయు కావలెనని ప్రార్థించును. పండుగ అని ఇక్కడ వాడిన ఈద్ అను పదము ఖుర్ఆన్ అంతటిలో ఇదొక్కచోటనే కనిపించును. దింపెదనని దేవుడు చెప్పి, ఆ పిమ్మట అవిశ్వాసియగువానికి లోకములో మరెవ్వరికి లేని శిక్ష కలుగునని హెచ్చరించును. ఆ మాయిదా నిజముగా దిగివచ్చెనా అన్న విషయములో వ్యాఖ్యాతలలో భేదమున్నది. రొట్టెలు, చేపలు వచ్చెనని కొందరు వర్ణించిరి. ముజాహిద్, హసన్ బస్రీ వంటివారు ఆ హెచ్చరిక విని శిష్యులు కోరిక మానుకొనిరి గనుక అది దిగలేదనిరి. ఇది ప్రభు రాత్రి భోజనమే అని కొందరు క్రైస్తవులు ఉత్సాహపడుదురు. నేను అంత దూరము పోను. అయిదు రొట్టెల అద్భుతము, అపొస్తలుల కార్యములలో పేతురు చూచిన దర్శనము కూడ దీనికి దగ్గరగానే యున్నవి. ఒక పోలిక మాత్రము విడిచిపెట్టరానిది: అయోగ్యముగా ఆ రొట్టె తినువాడు తనకే శిక్షావిధి తెచ్చుకొనునని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో హెచ్చరించుచున్నాడు. రెండు చోట్లను ఆ బల్ల ఆనందముతో పాటు భయమును కూడ కలిగించునదే.

అయితే మౌల్వీ సాహెబు ఈ సూరాను మొదటి నుండి చదువుకొనినవారు. దాని మూడవ ఆయతులోనే రక్తము నిషేధింపబడినది. తొంబదియవ ఆయతులో మద్యము అపవిత్రమైన సైతాను కార్యమని చెప్పబడినది. ఈ రెంటికి నడుమ డెబ్బదియైదవ ఆయతులో మసీహ్ ఒక ప్రవక్తయేనని, ఆయనయు ఆయన తల్లియు ఆహారము భుజించెడివారని ఉన్నది. తినువాడు దేవుడు కాజాలడని దాని తాత్పర్యము. రక్తము కూడదు, మద్యము కూడదు, అన్నము తినినవాడు మనుష్యుడే అని చెప్పు సూరాకే మాయిదా అని పేరు. ఈ సూరా కంఠస్థమైనవానికి క్రైస్తవుని బల్ల ఎట్లు కనిపించునో ఊహింపుడు. ఆయన ప్రశ్నలో వెక్కిరింత లేదు. తినువాడు దేవుడు కాజాలడన్నవానికి, తినినవాడు తానే ఆహారమైనాడని చెప్పు మతము ఎదురైనది. రెండు మతముల నడుమ ఇంతకంటె ముఖ్యమైన భేదము లేదనుకొందును. అట్టి దానిని "అంతకంటె ఏమీ లేదు" అని దాటవేసినారు.

రక్తమును గూర్చిన జుగుప్స ముస్లిములదే అనుకొనుట కూడ పొరపాటు. లేవీయకాండము పదునేడవ అధ్యాయము రక్తము తినువానిని జనములో నుండి కొట్టివేయుమని శాసించుచున్నది. యెరూషలేములో కూడిన అపొస్తలులు అన్యజనులకు సున్నతి అక్కరలేదనిరి గాని రక్తమును విసర్జింపవలెననిరి. ఆ ధర్మములో పుట్టి పెరిగిన పండ్రెండుమంది యూదుల చేతికి గిన్నె ఇచ్చి అది తన రక్తమని ఆయన అన్నాడు. ఆ మాట మొదట వినిన చెవులకు అది మౌల్వీ సాహెబు చెవికి తగిలినంత గట్టిగానే తగిలియుండవలెను. ఆదివారమాదివారము విని విని మనకు ఆ తాకిడి పోయినది.

ద్రాక్షారసము అను మాట సంగతి వేరు. తెలుగు బైబిలులో ఆ పదము పులిసిన దానికిని పులియని దానికిని చెల్లుచున్నది. సామాన్య పాఠకునికి అది పండ్లరసమువలె వినిపించును. చిత్రమేమనగా ఆ రాత్రి భోజన వృత్తాంతములలో మద్యమునకు గ్రీకులో వాడు మామూలు పదము రానే రాదు. గిన్నె అనియు, ద్రాక్షావల్లి ఫలము అనియు మాత్రమే ఉన్నది. పస్కా భోజనములో పులిసిన రసమే వాడెడివారనుట వాస్తవమే. కాని ఇది మత్తుపానీయముననే జరుగవలెనని క్రైస్తవులందరు పట్టుపట్టలేదు. మెథడిస్టుడైన వెల్చి అనువాడు 1869లో అమెరికాలో పులియని ద్రాక్షరసమును సీసాలలో నిలువచేయుట కనుగొనినది ఈ సంస్కారము కొరకే. ద్రాక్ష దొరకని కేరళలో పూర్వపు సిరియను క్రైస్తవులు ఎండుద్రాక్షను నీట నానబెట్టి ఆ రసము వాడిరి. మన హైదరాబాదు ప్రాంతమున పేరొందిన ద్రాక్షకు అనబె షాహి అని పేరు. అరబ్బీలో ఇనబ్ అనగా ద్రాక్ష. కాబట్టి మద్యమును గూర్చిన ఆక్షేపణకు సమాధానము సులభము. ఆ సులభమైన దానిని విపులముగా చెప్పి, కష్టమైన దానిని మ్రింగివేయుట మన అలవాటు.

కష్టమైన దానిని చెప్పుటకు దారి లేకపోలేదు. ముస్లిము ధర్మశాస్త్రములో ఇస్తిహాలా అని ఒక భావమున్నది. మద్యము పులిసి సిర్కాగా మారినచో అది ధర్మసమ్మతమగును. వస్తువు యొక్క స్వభావమే మారినది గనుక పాత నిషేధము దానికి అంటదు. దక్కను ముస్లిములలో అధికసంఖ్యాకులు అనుసరించు హనఫీ మార్గములో, కావలెనని మార్చినను సమ్మతమే. షాఫియీలు దానంతట అది మారవలెనందురు. అక్కడ పేరు, వాసన, రుచి అన్నియు మారును గనుక స్వభావము మారినదని తెలియును. కతోలిక్కు చెప్పునది దీనికి తలక్రిందులు: గుణములేవియు మారవు, ద్రవ్యము మాత్రము మారును. గుణము ద్రవ్యమును ఆశ్రయించియే యుండునని మన వైశేషికులును అందురు, జౌహర్ లేక అరజ్ నిలువదని కలాం పండితులును అందురు. దైవశక్తి చేత నిలుచునని అక్వినాసు. ఈ పోలికతో కతోలిక్కు వాదము రుజువు కాదు. నా మట్టుకు నాకు అది ఒప్పుకొనదగినదిగా తోచదు కూడ. కాని వినువానికి తన శాస్త్రపు మాటలలో విషయము అర్థమగును. అర్థమైన తరువాత కాదనుట వేరు, అర్థము కాక నవ్వుట వేరు.

ఇంకొక సంగతి కలదు. వేదాంత గ్రంథములు దీనిని పట్టించుకొనవు గాని తెలుగుదేశములో అందరికంటె ముందుగా ఎదురుపడునది ఇదే. ఎంగిలి. ఒకే గిన్నె పెదవి నుండి పెదవికి పోవుట మనవారికి సహింపరానిది. టీ కొట్లలో దళితులకు వేరు గ్లాసు పెట్టిన పల్లెలలో, గుడిలో ఒకే గిన్నె అనుట సిద్ధాంతములన్నిటికంటె పెద్ద మాట. అది చాల చోట్ల నెగ్గలేదు. మాల సంఘము, మాదిగ సంఘము వేరువేరుగా కూడుకొనిన ఊళ్లు ఉన్నవి. ఒకే గుడిలో ఉన్నను గిన్నె దగ్గర వెనుకాడిన సందర్భములును ఉన్నవి. బాప్టిస్టుల చిన్న చిన్న గాజు గిన్నెలు శుభ్రత కొరకు వచ్చినవందురు. 2020 నాటి మహమ్మారి తరువాత ఇతర సంఘములలోను అవి పెరిగినవి. శుభ్రత మంచిదే. కాని బార్కాసులో ఒకే పళ్లెము చుట్టు నలుగురు కూర్చుండి మండీ తినువారిని చూచి వచ్చిన మరునాడు, ఎవరి గిన్నె వారు పుచ్చుకొను సంస్కారమును చూచినపుడు, ఇది ఏక శరీరమని చెప్పుటకు నోరు కొంచెము తడబడును. కొరింథులో ధనికులు ముందుగా తిని పేదలను ఆకలితో ఉంచిరనియే పౌలు ఆ భయంకరమైన మాటలు వ్రాసినాడు. అయోగ్యముగా తినుట అనగా అక్కడ మొదటి అర్థము అదే. రొట్టెలో శరీరమును గుర్తింపమని వాదించుకొనిన సంఘములు ప్రక్కన కూర్చున్నవానిలో దానిని గుర్తించుటకు ఇంతగా వాదించుకొనలేదు.

ఆ సాయంకాలము గడచిన చాల రోజులకు మౌల్వీ సాహెబు నాకు తిరిగి కనిపించినారు. మాటలలో ఆ సంగతి వచ్చినది. లూథరనుల విశ్వాసము పాదిరిగారు చెప్పినట్లు కాదని, రొట్టెతో పాటు క్రీస్తు శరీరము నిజముగా అక్కడ ఉన్నదనియే వారి బోధయని చెప్పితిని. ఆయన నొచ్చుకొనలేదు. "అదే అనుకున్నాను. ఒట్టి గుర్తయితే దాని కోసం మీలో మీరు అన్ని వందల ఏళ్లు కొట్లాడుకుంటారా?" అన్నారు. కొంచెముసేపు ఆగి, "ఆ రోజు ఆయన ఈ మాటే చెప్పి ఉంటే ఇంకొకటి అడిగేవాణ్ణి. నమ్మనివాడు తింటే వాడికి దొరికేది ఏమిటి? రొట్టెనా, శరీరమా?" అన్నారు.

లూథరు అనుచరులకును కాల్విను అనుచరులకును నడుమ ఎడతెగక నిలిచిన ప్రశ్న సరిగా ఇదే. అవిశ్వాసికి శరీరమే దొరకును గాని తీర్పుగా దొరకునని లూథరనులు, వానికి రొట్టెకంటె ఎక్కువ దొరకదని కాల్విను పక్షమువారు. ఇది మీకు ఎట్లు తట్టినదని అడిగితిని. ఆయన మాయిదా సూరా నూట పదునైదవ ఆయతును మెల్లగా చదివి వినిపించినారు.

మరునాడు పాదిరిగారికి ఫోను చేసి ఆ ప్రశ్నను యథాతథముగా చెప్పితిని. ఈసారి ఆయన నవ్వలేదు. వచ్చే శుక్రవారము నమాజు తరువాత మౌల్వీ సాహెబుకు తీరిక ఉండునా అని అడిగినారు.